కొల్లేరు +5 కాంటూరు: వరద జాగాకు విలువ కట్టడం, లంక గ్రామాల వాటా తేల్చడం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరుకు నీళ్లు తెచ్చే దారులు చాలా ఉన్నాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి. వాటికి తోడు వరి పొలాల మురుగునీటిని మోసుకొచ్చే డ్రెయిన్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఆ నీళ్లు సముద్రానికి పోవడానికి మాత్రం 60 కిలోమీటర్ల పొడవున మెలికలు తిరిగే ఉప్పుటేరు ఒక్కటే దారి. వానాకాలంలో వచ్చినంత వేగంగా నీరు పోలేదు కాబట్టి మిగిలినది అక్కడే నిలిచి సరస్సు విశాలమవుతుంది, వేసవి వచ్చేసరికి మళ్లీ కుంచించుకుపోతుంది. సముద్రమట్టానికి 3 అడుగుల ఎత్తున దాని విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు, 5 అడుగుల ఎత్తున 308, 10 అడుగుల ఎత్తున 901. రక్షిత ప్రాంతాల నిర్వహణ ప్రణాళికల్లో జీవావరణ సేవలకు, అంటే ప్రకృతి మనకు చేసే మేళ్లకు, విలువ కట్టే పని చేసే నావంటి వారికి కొల్లేరు తగాదా అంతా ఈ మూడు అంకెల మధ్యనే కనిపిస్తుంది. ఏ గీత దాకా అభయారణ్యం ఉండాలన్న ప్రశ్నను ఇన్నేళ్లుగా పక్షుల పేరిట, చేపల పేరిట, ఓట్ల పేరిట వాదిస్తున్నారు గానీ, ఆ గీతల మధ్య ఎంత నీరు పడుతుందో, ఆ నీరు పట్టకపోతే ఎవరి పొలం మునుగుతుందో లెక్క వేసి మాట్లాడినవారు తక్కువ.

నేపథ్యం క్లుప్తంగా చెప్పుకుందాం. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలకు సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వుకునే వీలు కల్పించింది. లాభం కంటపడ్డాక బయటి పెట్టుబడి వచ్చింది, సొసైటీ చెరువులు లీజుల మీద చేతులు మారాయి, గట్ల మీద గట్లు లేచాయి. 1999 అక్టోబరులో వచ్చిన జీవో 120 ప్రకారం +5 కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తును సూచించే గీత) లోపలి కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరినప్పుడు నమోదైన విస్తీర్ణం మాత్రం 90,100 హెక్టార్లు, అంటే +10 గీత దాకా. ఆ విధంగా ఒకే సరస్సుకు రెండు హద్దులు ఏర్పడ్డాయి: లోపలి దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అండ ఉంది, బయటి దానికి 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు వర్తిస్తాయి గానీ క్షేత్రంలో వాటి ఊసు అరుదుగా వినిపిస్తుంది. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట వేలాది ఎకరాల చెరువుల గట్లను పేల్చేశారు. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని +3కు కుదించాలని తీర్మానించింది. ఆ ప్రతిపాదనను పరిశీలించిన అజీజ్ కమిటీ కుదింపు వద్దని చెప్పింది. జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా అభయారణ్యం హద్దు మార్చడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి కాగితం మీద +5 నిలిచింది. నేల మీద మాత్రం పేల్చిన గట్లు ఒక్కొక్కటిగా మళ్లీ లేచాయి.

చేపల లెక్క

విలువ కట్టే పనిలో మొదట ఎదురయ్యేది చేపల చెరువుల ఆదాయమే. శీలావతి, బొచ్చె పెంచే చెరువు ఎకరానికి ఎంత తెస్తుందో కైకలూరులోనో ఆకివీడులోనో ఎవరిని అడిగినా చెబుతారు. ఐసు పెట్టెల్లో సర్దిన ఆ చేప లారీలకెక్కి బెంగాల్, అస్సాం దాకా పోతుంది. దాని పక్కన పక్షులకో, మురుగు వడకట్టే గడ్డికో కట్టిన విలువ పెడితే వెలవెలబోతుంది. అందుకే చెరువుల తరఫున మాట్లాడేవారు ఎప్పుడూ మొత్తం అమ్మకం విలువనే ముందుకు తెస్తారు. మేత, పిల్ల, డీజిల్, కరెంటు, కూలి, మందులు, అప్పుకు వడ్డీ, పెట్టుబడికి న్యాయమైన రాబడి తీసేశాక మిగిలే శేషమే ప్రకృతి అందించిన వాటా. అమ్మకం విలువలో అది చిన్న ముక్క. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ చేపను పెంచడానికి కొల్లేరే అక్కర్లేదు. మండవల్లి నుంచి భీమవరం దాకా ఒకనాటి వరి పొలాల్లో అదే చేప పెరుగుతోంది. ఒక వస్తువును వేరేచోట అదే ఖర్చుతో తయారు చేయగలిగినప్పుడు, దాన్ని ఈ సరస్సు ఇచ్చే సేవగా జమ వేయడం అర్థశాస్త్రపరంగా నిలవదు.

సరస్సు సొంతంగా ఇచ్చే చేప వేరు. తెల్లవారకముందే తాటి దోనెలో వెళ్లి కిక్కిస దుబ్బుల మధ్య పెట్టిన మావులు ఎత్తి, అందులో పడిన కొరమేను, మార్పు, ఇంగిలాయి, జెల్లలను ఇంటికి తెచ్చే మనిషి పట్టుబడి ఏ మార్కెట్ రికార్డులోనూ చేరదు. కొంత కూరకు పోతుంది, కొంత చుట్టాలకు పోతుంది, మిగిలింది ఇంటామె గంపలో పెట్టుకుని పక్క ఊళ్లో తిరిగి అమ్ముతుంది. ఆ చేపకు పిల్ల వెయ్యలేదు, మేత వెయ్యలేదు. వరద నీటితోపాటు వచ్చి, మునిగిన గడ్డిలో గుడ్లు పెట్టి, పెరిగింది. ఆ పట్టుబడి విలువలో శ్రమ కూలి, పనిముట్ల ఖర్చు తీసేస్తే మిగిలేదంతా సరస్సు ఇచ్చినదే. మత్స్యశాఖ అంకెలతో పని ముగించే సర్వేలకు ఇది అందదు. ఇళ్ల దగ్గర కూర్చుని, వంటల గురించీ, వారంలో ఎన్నిసార్లు చేప కూర అన్న విషయం గురించీ అడిగితేనే ఈ లెక్క బయటికి వస్తుంది.

నీటి జాగా లెక్క

నా దృష్టిలో కొల్లేరు హద్దును తేల్చాల్సిన సేవ వరదను పట్టి ఉంచడం. దీన్ని ఎవరైనా సరిచూసుకునే విధంగా పైన చెప్పిన అంకెలతోనే లెక్క వేద్దాం. ఒక ఎకరం మీద ఒక అడుగు నీరు నిలిస్తే 43,560 ఘనపుటడుగులు. +3, +5 గీతల మధ్య సరస్సులో పట్టే నీరు ఎంత అని అడిగితే, రెండు విస్తీర్ణాల సగటు తీసుకుని 2 అడుగులతో గుణిస్తే దాదాపు 4.8 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) వస్తుంది. కుదింపును వ్యతిరేకించేవారు ఈ అంకెను చూపించి ఇంత జాగా పోతుందంటే అది అతిశయోక్తి అవుతుంది; ఎందుకంటే +3 లోపలి నడిబొడ్డు మీద నిలిచే నీరు కుదించినా అక్కడే నిలుస్తుంది. కుదింపు వల్ల కట్టలు లేచి, వరద చొరబడకుండా పోయేది రెండు గీతల మధ్య ఉన్న సుమారు 173 చదరపు కిలోమీటర్ల పట్టీలోకి. అంటే దాదాపు 42,700 ఎకరాలు. నేల వాలుగా ఉంటుంది కాబట్టి సగటు లోతు ఒక అడుగు చొప్పున వేస్తే, సరస్సు +5 మట్టానికి నిండినప్పుడు పోయే జాగా 1.9 టీఎంసీల లోపే.

అయితే పెద్ద వరద +5 దగ్గర ఆగదు. నీరు +7 దాకా ఎక్కిందనుకుంటే అదే పట్టీ మీద సగటు లోతు 3 అడుగులవుతుంది, పోయే జాగా 5.6 టీఎంసీలకు చేరుతుంది. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉన్నప్పుడు నిలిచే నీరు 3 టీఎంసీల పైచిలుకు. దానికి ఒకటిన్నర రెట్లు దాటిన నీరు ఇంకెక్కడో నిలబడాలి. కుదింపు నష్టం మామూలు ఏడాదిలో పెద్దగా కనిపించదు, చెడ్డ ఏడాదిలో ఒక్కసారిగా మూడింతలవుతుంది. ఏటేటా సగటు తీసి ఒకే అంకె చెప్పే విలువ నివేదికలు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతాయి. ఐదేళ్లకోసారి వచ్చే వరదకు, ఇరవై ఐదేళ్లకోసారి వచ్చే వరదకు విడివిడిగా లెక్కలు వేసి, వాటిని వాటి వాటి సంభావ్యతతో గుణించి కూడాలి.

‘చెరువుల్లోనూ నీళ్లే ఉన్నాయి కదా, చెరువైనా కొల్లేరైనా ఒకటే కదా’ అనే వాదన లంకల్లోనూ (సరస్సులోని దీవి గ్రామాల్లోనూ) కార్యాలయాల్లోనూ వినిపిస్తుంది. నిండిన బిందెలో ఇంకో చెంబు పట్టదు. సెప్టెంబరులో ఏదైనా చెరువు గట్టు మీద నిలబడి రెండు వైపులా చూస్తే విషయం తెలుస్తుంది: లోపల పెంపకం చేప కోసం పట్టి ఉంచిన నీరు బయటి డ్రెయిన్ మట్టం కంటే ఎత్తులో ఉంటుంది, వరద పెరిగేకొద్దీ గట్టు మీద ఇసుక బస్తాలు పడతాయి, ఇంజన్లు లోపలి నీటిని బయటికి తోడుతుంటాయి. వరదను పట్టాల్సిన జాగా వరదకు నీరు కలిపే జాగాగా మారిందన్నమాట. 100 ఎకరాల చెరువొకటి రెండడుగుల లెక్కన 87 లక్షల ఘనపుటడుగుల నీటిని పక్కవాడి మీదికి నెడుతుంది.

నీటిని రూపాయల్లోకి మార్చడం

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. అంతే నీటిని పట్టే జలాశయం వేరేచోట కట్టడానికి అయ్యే ఖర్చును విలువగా తీసుకోవడం ఒకటి. కాగితం మీద ఇది సులువు, అందుకే ఎక్కువమంది దీన్ని ఎంచుకుంటారు. కానీ డెల్టా పల్లంలో అంత జలాశయం కట్టే చోటే లేదు, ఎగువన కడితే డెల్టాలో కురిసిన వానను అది పట్టదు. కట్టని, కట్టలేని కట్టడం ఖర్చును విలువ అనడం సరికాదు. రెండోది, తప్పిన నష్టాన్ని లెక్కించడం. సరస్సు మట్టం అడుగు పెరిగితే ఏ డ్రెయిన్‌లో నీరు ఎంత దూరం వెనక్కి తన్నుతుంది, ఎన్ని ఎకరాల వరి ఎన్ని రోజులు మునుగుతుంది, ఏ దశలో మునుగుతుంది అన్నవి తేల్చాలి. నాటిన పదిరోజులకు మునిగిన చేనుకూ పొట్ట మీద మునిగిన చేనుకూ నష్టం ఒకటి కాదు. ఒకట్రెండు రోజుల్లో నీరు లాగేస్తే తేరుకునే పైరు వారం పైగా మునిగితే కుళ్లుతుంది. అందువల్ల లోతుతో పాటు రోజులు కూడా లెక్కలోకి రావాలి, ఆ రోజులు ఉప్పుటేరు ఎంత వేగంగా లాగుతుందన్న దానిమీద ఆధారపడతాయి.

ఉప్పుటేరు సంగతి తేలిక కాదు. డెల్టా మురుగు సమస్యపై 1960ల్లో వేసిన మిత్రా కమిటీ కాలం నుంచీ దాన్ని వెడల్పు చేయాలని, మెలికలు తప్పించి సముద్రానికి నేరుగా కాలువ తవ్వాలని ప్రతిపాదనలున్నాయి. వరద వేగంగా పోతుంది, నిజమే. కానీ అదే దారిన వేసవిలో పోటు నీరు సరస్సులోకి ఎగదన్నుతుంది. ఎగువ నుంచి మంచినీరు తగ్గిన ఏడు ఉప్పు ఇంకా లోపలికి వస్తుంది, పరిసర గ్రామాల తాగునీటి చెరువులూ, మంచినీటి చేపలూ దెబ్బతింటాయి. రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన దీనికి సమాధానమే గానీ, వాటి తలుపులు ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది చేపల వలస కాలాన్ని కూడా చూసి నిర్ణయించకపోతే, ఉప్పును ఆపి చేపనూ ఆపినట్టవుతుంది.

ఏలూరు, కైకలూరు దారిలో పెదయడ్లగాడి వంతెన ఉంది. కొల్లేరు నీటిమట్టం ఎంత అని ఆ ప్రాంతంలో ఎవరైనా అడిగితే ఈ వంతెన దగ్గరి కొలతే చెబుతారు. వరదలో దాని ఖానాల మూతికి గుర్రపుడెక్క మేటలు మేటలుగా వచ్చి అడ్డుపడుతుంది. కూలీలు పడవల మీద నిలబడి కత్తులతో కోసి, వెదుళ్లతో నెట్టి, ముక్కలు ముక్కలుగా కిందికి వదులుతారు. ఎగువన మట్టం తగ్గకపోవడానికి ఆ డెక్క ఒక కారణం, డెక్క అంతగా పెరగడానికి పట్టణాల మురుగూ, పొలాల ఎరువూ, చెరువుల మేత అవశేషమూ కారణం. నీటి నాణ్యతకూ వరద మట్టానికీ ఉన్న ఈ లంకెను ప్రణాళికల్లో రెండు వేర్వేరు అధ్యాయాల్లో రాయడం ఆనవాయితీ అయిపోయింది. ఖర్చును కలిపి చూస్తే, మురుగును పుట్టినచోట శుద్ధి చేయడం ఏటా డెక్క తీయించడం కంటే మేలని తేలడానికి ఎక్కువ ఆస్కారముంది.

కట్టకూడని లెక్కలు

జాబితా ఎంత పొడుగైతే విలువ అంత ఎక్కువని అనుకునే అలవాటు ఈ రంగంలో ఉంది. కిక్కిస, తుంగ నీటిని వడకట్టడాన్ని ఒక సేవగా, ఆ నీటిలో పెరిగిన చేపను ఇంకో సేవగా కూడితే ఒకే ఉపకారాన్ని రెండుసార్లు జమ వేసినట్టే. కార్బన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. మురుగు చేరిన లోతులేని మంచినీటి సరస్సు మీథేన్‌ను వదులుతుంది. మడ అడవుల అంకెను తెచ్చి కొల్లేరుకు అతికించడం కుదరదు. ఇతర దేశాల చిత్తడి నేలలకు హెక్టారుకింత అని కట్టిన డాలర్ల విలువను 308 చదరపు కిలోమీటర్లతో గుణించి ముఖపత్రం మీద వేసే పద్ధతి అన్నిటికంటే సులువైనది, అన్నిటికంటే పనికిరానిది. భోపాల్‌లోని భారతీయ అటవీ నిర్వహణ సంస్థ 2015లో ఆరు పులుల రిజర్వులకూ, 2019లో నాగార్జునసాగర్–శ్రీశైలంతో సహా మరో పదింటికీ కట్టిన విలువలు మన దేశంలో ఈ పనికి దారి చూపాయి. కానీ అక్కడ నేల చాలావరకు అటవీ శాఖది. కొల్లేరులో +5 లోపలే సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ (సొంత పట్టా) భూమి ఉంది, పేదలకు ప్రభుత్వమిచ్చిన డి-ఫారం పట్టాలున్నాయి, లంక గ్రామాలున్నాయి. అదే పట్టికను ఇక్కడికి మార్చుకుంటే ఈ మనుషులు అందులో కనిపించరు.

పక్షుల విలువ విషయంలో నాకు గట్టి అభిప్రాయముంది. ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టే గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ చూడటానికి ఏలూరు, భీమవరం, విజయవాడల నుంచి జనం వస్తారు. వారి ప్రయాణ ఖర్చును లెక్కగడితే వచ్చేది చిన్న మొత్తమే, చిన్నదిగానే చెప్పాలి. పర్యాటకం పేరుతో దాన్ని ఉబ్బించనక్కర్లేదు. పక్షి ఉనికిని కాపాడమని చట్టం ముందే తేల్చింది. దాన్ని మళ్లీ రూపాయల త్రాసులో పెట్టి, చేపల చెరువు కంటే బరువు తక్కువగా తూగితే ఓడిపోయిందని ఒప్పుకునే స్థితి మనమే తెచ్చుకోకూడదు. మట్టం, గడ్డి, కలవరం లేని నడిబొడ్డు అనే షరతులుగా పక్షిని ప్రణాళికలో పెట్టాలి, ఆ షరతులకు లోబడి మిగతా సేవలకు విలువ కట్టాలి.

ఈ సరస్సు కాపాడటానికి మీరు ఏడాదికి ఎంత ఇస్తారు అని ఇంటింటికీ అడిగే పద్ధతి తగాదాలో ఉన్న చోట పనిచేయదు. కొల్లేటికోట వైపు ఒక లంకలో ఈ ప్రశ్న వేసినప్పుడు అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే, ‘మేమెంత ఇస్తామంటారేంటి బాబూ, ఏలూరోళ్లు మునక్కుండా మేం మునుగుతున్నాం, మాకెంత ఇస్తారో అది రాసుకోండి’ అన్నారు. సర్వే పత్రంలో ఆ జవాబును ‘నిరసన సమాధానం’ అనే గడిలో వేసి లెక్క నుంచి తీసేయాలి. నిజానికి ఆ పత్రం మొత్తంలో సరైన ఆర్థిక ప్రశ్న అదొక్కటే.

ఎవరు పొందుతున్నారు, ఎవరు చెల్లిస్తున్నారు

సేవను పొందేవారు బయట ఉన్నారు. వరద త్వరగా లాగేస్తే బాగుపడేది డెల్టా వరి రైతులు, డ్రెయిన్ల వెంట ఉన్న ఊళ్లు, ఏలూరు పట్టణం. మురుగును వదిలి ఖర్చు తప్పించుకునేవారూ బయటివారే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు దేశమంతా సింగ్‌నగర్ మునగడం చూసింది; ఆ ఏరు సహజంగా పోయి కలిసేది కొల్లేరులోనే, ఆ తర్వాతి రోజుల్లో లంకల దారులు నీట మునిగి పడవలే దిక్కయ్యాయి. ఖర్చు భరించేవారు లోపల ఉన్నారు. చాలా లంకల్లో ఊరి ఉమ్మడి చెరువు లీజు డబ్బు ఇంటింటికీ వాటాగా అందుతుంది, దాంతోనే బడి రిపేరూ పెద్దింట్లమ్మ జాతర ఖర్చూ గడుస్తాయి. గట్టు తీసేస్తే పోయేది లీజుదారు లాభమొక్కటే కాదు, ఈ వాటా కూడా. 2006లో గట్లు పేలాయి గానీ ఈ వాటా స్థానంలో ఏటా అందే మరో ఆదాయం నిలబడలేదు. గట్లు తిరిగి లేవడానికి అంతకంటే వేరే వివరణ వెతకనక్కర్లేదని నా అభిప్రాయం.

కాబట్టి విలువ లెక్క చివరకు ఒక చెల్లింపు పద్ధతిగా మారాలి. మొదటిది, జిరాయితీ భూముల కొనుగోలు. అన్నీ ఒకేసారి కొనే డబ్బు ఏ ప్రభుత్వం దగ్గరా ఉండదు కాబట్టి, ఏది ముందు కొనాలన్న వరుసను నీరు పారే దారిని బట్టి పెట్టుకోవాలి: డ్రెయిన్లు సరస్సులో కలిసే మూతులు, పెదయడ్లగాడి ఎగువ దిగువలు, ఉప్పుటేరు మొదలయ్యే చోటు. ఈ చోట్ల 100 ఎకరాలు విడిపిస్తే కలిగే మేలు అంచున ఎక్కడో 500 ఎకరాలు విడిపించినా కలగదు. రెండోది, అమ్మడం ఇష్టంలేని రైతుకు ముంపు హక్కు కింద ఏటా చెల్లింపు: భూమి ఆయనదే, జులై నుంచి డిసెంబరు దాకా గట్టు ఉండకూడదు, నీరు దిగాక వరి వేసుకోవచ్చు. మూడోది, లంకల ఉమ్మడి వాటాకు బదులుగా ఊరికి ఏటా కొంత మొత్తం. అది చెరువు లేదని రాసిచ్చిన కాగితం మీద కాకుండా, వరద కాలంలో ఉపగ్రహ చిత్రంలో ఆ ఊరి పరిధి ఎంతమేర తెరిచిన నీరుగా కనిపించిందన్న దాన్ని బట్టి ఇవ్వాలి. డబ్బు ఎక్కడిదంటే, మేలు పొందేవారి దగ్గరిదే: డెల్టా డ్రెయినేజి సెస్సు, పట్టణాల మురుగు రుసుము, అభయారణ్యం వెలుపలి ఆక్వా చెరువుల లైసెన్సు రుసుములో ఒక వాటా. రైతుల మీద కొత్త భారం వేయడం కష్టమే గానీ, మునిగిన ఏడాది చెల్లించే పంట నష్టపరిహారంతో పోలిస్తే అది తక్కువే ఉంటుందని చూపించగలిగితే ఆర్థిక శాఖ వింటుంది. తప్పిన నష్టం పద్ధతిలో లెక్క వేయడం వల్ల వచ్చే లాభం కూడా ఇదే, పరిహారం పద్దు వాళ్ల దగ్గర ముందే ఉంటుంది.

కొల్లేరును ఒడిశాలోని చిలికా సరస్సుతో పోల్చడం మామూలు. అక్కడ 1991లో ఏర్పడిన అభివృద్ధి సంస్థ 2000లో సముద్రానికి కొత్త మూతి తెరిచింది, నీటి నాణ్యతా చేపల పట్టుబడీ కోలుకున్నాయి, 2002లో ప్రమాదంలో ఉన్న రామ్‌సార్ స్థలాల జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. అయితే చిలికాలో నలబన దీవి చుట్టూ చిన్న భాగమే అభయారణ్యం. నీరు బాగుపడగానే ఆ ఫలితం నేరుగా మత్స్యకారుల వలలో పడింది. కొల్లేరులో +5 లోపలిదంతా అభయారణ్యమే, పైగా నీరు బాగుపడితే మొదట లాభపడేది డెల్టా రైతు, తర్వాతే లంక మనిషి. అందుకే చిలికాకు సరిపోయిన ఇంజనీరింగ్ పరిష్కారం ఇక్కడ చెల్లింపు ఏర్పాటు లేకుండా ఒంటరిగా నిలవదు.

ఒక చిక్కుముడి మాత్రం పై ప్రతిపాదనల్లోనూ తెగలేదు. కొనుగోలు, ముంపు హక్కు రెండూ పట్టా ఉన్నవారికి అందుతాయి, ఉమ్మడి చెల్లింపు ఊరి పెద్దల చేతుల మీదుగా పోతుంది. చెరువుల మీద కాపలా కాసే కుటుంబాలు, పట్టుబడి రోజున వల లాగే కూలీలు, చేప శుభ్రం చేసి ఐసు పెట్టే ఆడవాళ్లు ఈ రెంటిలోనూ లేరు. చెరువు పోయిన రోజు వాళ్ల పనీ పోతుంది. డెక్క తీత, డ్రెయిన్ల పూడికతీత, నీటిమట్టం కొలతలు, పక్షుల కాలంలో కాపలా వంటి పనులను కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా వీళ్ల పేర్లతో తయారుచేసిన జాబితా ప్రకారమే ఇవ్వాలని నిర్వహణ ప్రణాళికలో షరతుగా రాయాలి. ఆ జాబితాను ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి, అభయారణ్యం పనుల బిల్లు పాస్ కావడానికి దాన్ని జతపరచడం తప్పనిసరి చేయాలి.